పేరు పెట్టి పిలువు

పోయిన నెలలో మా అమ్మాయిని కరీంనగర్‌లో కళ్ళ డాక్టరుకు చూపించాను. రెండో తరగతి చదువుతోంది. రెండు వారాలుగా ఊరికే కళ్ళు ఆర్పుతోంది. అన్నం తింటూ ఆర్పుతుంది, హోంవర్కు రాస్తూ ఆర్పుతుంది, నేను కోప్పడితే ఇంకా ఎక్కువ ఆర్పుతుంది. పైగా ముందు రోజు ఒళ్ళు కాస్త వెచ్చబడింది. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. లైటు వేసి రెప్పలు తిప్పి చూసింది, గోడ మీది అక్షరాలు చదివించింది. తర్వాత నా వైపు తిరిగి, "ఇట్లా కళ్ళు ఆర్పేటప్పుడు పేరు పెట్టి పిలిస్తే పలుకుతుందా?" అని అడిగింది.

మా ఆవిడే "పలుకుతది మేడం" అంది. డాక్టరమ్మ సరేనని ఏదో రాసుకుంది.

ఆ ప్రశ్నను నేను అంతకు ముందు ఒక మనిషి నోట వందసార్లు విన్నాను. అతను డాక్టరు కాదు. ఖతార్‌లో ఇనుప రాడ్లు కట్టేవాడు. ఈ ఎండాకాలంలో చనిపోయాడు. నేను చావుకు పోలేదు, పదకొండో రోజుకూ పోలేదు. వాళ్ళ ఊరు మా ఊరికి గంట దూరం కూడా ఉండదు. పనులున్నాయని అందరికీ చెప్పాను. పనులేం లేవు, మొఖం చెల్లలేదు.

అతని పేరు రాయను. రాసినా క్యాంపులో ఎవరూ గుర్తుపట్టరు. అందరూ మణి బాపు అనేవారు. మా వైపు బాపు అంటే నాన్న. కొడుకు పేరు మణి. ఆ పిల్లవాడి సంగతి ఎంతమందికి ఎన్నిసార్లు చెప్పాడంటే, చివరికి అతని పేరే అదై కూర్చుంది.

అక్కడి ఫుట్‌బాల్ ప్రపంచకప్పు ఇంకా రెండేళ్ళుందనగా మేం బిర్కత్ అల్ అవామిర్ క్యాంపులో ఒకే గదిలో పడ్డాం. ఎనిమిది మందిమి. ఏడుగురం తెలుగువాళ్ళం, ఒకడు నేపాలీ. పని లుసైల్‌లో, బస్సులో గంటకు పైనే పట్టేది. నేను టైం కీపర్ని, అంటే ఎవడు ఎప్పుడొచ్చాడో ఎప్పుడు పోయాడో రాసుకునేవాణ్ణి. సైటు గేటు దగ్గర ఒక పెద్ద బోర్డు ఉండేది. ఆటలు మొదలవడానికి ఇంకా ఎన్ని రోజులో దాని మీద అంకె మార్చేవారు. ఆ అంకె తగ్గినకొద్దీ మా ఫోర్‌మన్ గొంతు పెరిగేది. "యల్లా, యల్లా", అంటే కానివ్వండి, అది తప్ప ఆ మనిషి నోటి నుంచి ఇంకో మాట వచ్చినట్టు నాకు గుర్తు లేదు.

మణి బాపు పొట్టి మనిషి, భుజాలు మాత్రం తలుపంత. చేతివేళ్ళు ఊరుకునేవి కావు. రాడ్లు కలిసే ప్రతిచోటా బైండింగ్ వైరు చుట్టి మెలితిప్పడమే అతని పని. పని లేనప్పుడు కూడా బొటనవేలూ చూపుడువేలూ కలిసి గాలిలో ఏదో మెలితిప్పుతూ ఉండేవి. అతని దుప్పటి అంచుకున్న దారాలన్నీ ముళ్ళు పడి ఉండేవి. కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. అక్కడి దుమ్ము అలాంటిది. డ్యూటీ నుంచి రాగానే సీసా మూత నిండా నీళ్ళు పోసుకుని, అందులో కన్ను ముంచి టపటపా ఆర్పేవాడు. తర్వాత రెండో కన్ను. ఆ తర్వాతే చెప్పులు విప్పేవాడు.

ఖతార్‌కు రాకముందు వాళ్ళ ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గర ఆరేళ్ళు కాంపౌండరుగా పనిచేశాడట. ఆ మాట క్యాంపంతా పాకింది. ఇక ఎవరింట్లో పిల్లకు జ్వరమొచ్చినా ఫోను పట్టుకుని మా గదికి వచ్చేవాళ్ళు. ఇతను ఫోనులో పిల్లను చూసేవాడు, తల ఊపేవాడు, "ఏం గాదు" అనేవాడు. దగ్గయితే ఏం గాదు, విరేచనాలయితే ఏం గాదు. ఆ రెండు మాటలు వినడానికే వచ్చేవాళ్ళు జనం. వేల మైళ్ళ దూరంలో చేతులు కట్టుకుని కూర్చున్నవాడికి అంతకంటే ఏం కావాలి? నేను ఎగతాళి చేసేవాణ్ణి. "నీ దగ్గర ఒకటే గోలి ఉన్నది తమ్మీ, ఏం గాదు గోలి" అనేవాణ్ణి. "గది పనిజేస్తది అన్నా" అనేవాడు నవ్వుతూ.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. చెప్పకుండా ఇతని సంగతి చెప్పడం కుదరదు.

ఆ ఎండాకాలం మా గది మొత్తానికి రాత్రి డ్యూటీ వేశారు. పొద్దున ఆరున్నరకు వచ్చి, ఇంత తిని పడుకుంటే సాయంత్రం దాకా లేవకూడదు, లేస్తే ఆ రాత్రి పని చేయలేం. నాకు చీమ చిటుక్కుమన్నా మెలకువ వస్తుంది. మణి బాపేమో మధ్యాహ్నం పన్నెండింటికి లేచి ఇంటికి వీడియో కాల్ చేసేవాడు. అప్పుడు అక్కడ రెండున్నర. పిల్లవాడు అన్నం తిని ఆడుకునే వేళ. "మణీ! ఓ మణీ! బాపును సూడు!" అని వీడు ఇక్కడ అరిస్తే నేను పై మంచం మీద ఉలిక్కిపడి లేచేవాణ్ణి. నాలుగు రోజులు ఓర్చుకున్నాను. అయిదో రోజు హాజరు కాగితం వెనక్కి తిప్పి పెద్ద అక్షరాలతో రాశాను. "పగలు నిద్ర. ఫోన్ మాటలు బంద్. మాట్లాడేవాళ్ళు బయట మాట్లాడాలి." ప్యాకింగ్ టేపుతో తలుపుకు అతికించాను.

అతను బయటికి పోయి మాట్లాడి చూశాడు. వరండాలో ఎండ ఎలా ఉండేదంటే, రెండు నిమిషాలకు ఫోను వేడెక్కి దానంతట అదే ఆగిపోయేది. మెస్సులో సిగ్నల్ అందేది కాదు. గదిలో, అతని మంచం దగ్గరే బొమ్మ తిన్నగా వచ్చేది.

అప్పుడు కనిపెట్టాడు ఆ ఆట. తన కింది మంచం చుట్టూ దుప్పటి వేలాడదీసుకుని, ఫోను గొంతు బాగా తగ్గించి, కళ్ళతో మాట్లాడడం మొదలుపెట్టాడు. ఒకసారి రెప్పలు ఆర్పితే తిన్నావా అని. రెండుసార్లు ఆర్పితే తిన్నానని. గట్టిగా మూసి తెరిస్తే ముద్దు. మూడేళ్ళ పిల్లవాడు వారం తిరక్కుండా నేర్చేసుకున్నాడు. నేను పైనుంచి తల వంచితే దుప్పటి సందులోంచి అంతా కనిపించేది. ఇక్కడ ఇతను ఆర్పుతాడు, అక్కడ వాడు ఆర్పుతాడు, ఇద్దరూ చప్పుడు లేకుండా నవ్వుతారు. నాకు ముచ్చటేసింది. "సూసినవా తమ్మీ, నేను కాగితం అతికిచ్చినందుకు ఎంత తెలివి పుట్టిందో" అన్నాను. అతను నిజంగానే సంతోషపడ్డాడు. "అవునన్నా, గిప్పుడు ఆడు నా తోటి ఎవ్వలకు తెల్వని భాష మాట్లాడుతుండు" అన్నాడు.

పిల్లవాడికి అది అలవాటైపోయింది. ఫోను లేనప్పుడు కూడా రోజంతా ఆర్పుతున్నాడని అతని భార్య చెప్పింది. "పొద్దందాక కండ్లు కొడ్తనే ఉన్నడు. అంగన్‌వాడి టీచర్ గూడ అడిగింది, ఏమైంది పిల్లగానికని. మీ అమ్మేమో కన్నదిరితే మంచిదట, బాపు వస్తడట అంటున్నది" అంది. ఇతను గొంతు తగ్గించి, "నా తోటి మాట్లాడుతుండు ఆడు. ఏం గాదు" అన్నాడు.

వానకాలం జ్వరాల రోజులు వచ్చాయి. ఆటలకు ఇంకా ఏడాది పైచిలుకు ఉంది. ఒక మధ్యాహ్నం అతని భార్యే ముందు ఫోను చేసింది. నిన్నటి నుంచి జ్వరమని, ఆర్‌ఎంపీ సిరప్ ఇచ్చాడని, రెండుసార్లు కక్కాడని చెప్పింది. ఇతను చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. పిల్లవాణ్ణి చూపించమన్నాడు. నేను మేలుకునే ఉన్నాను. దుప్పటి సందులోంచి చూశాను. వాడు తల్లి ఒళ్ళో వెల్లకిలా పడుకుని ఉన్నాడు. రెప్పలు గబగబా కొట్టుకుంటున్నాయి.

మణి బాపు మొఖం విప్పారింది. తిరిగి ఆర్పాడు. ఒకసారి, రెండుసార్లు. గట్టిగా మూసి తెరిచాడు. పిల్లవాడి రెప్పలు అలా కొట్టుకుంటూనే ఉన్నాయి. ఇతను మళ్ళీ మళ్ళీ ముద్దులు పెట్టాడు. "గింత జరంల గూడ నీ తోటి ఆట ఇడుస్తలేడు సూడు" అంది ఆమె. "ఏం గాదు. మందు తాపి పండవెట్టు" అన్నాడు ఇతను గుసగుసగా, మా నిద్ర చెడకుండా. ఆ మాట నేను విన్నాను. విని, అటు తిరిగి పడుకున్నాను.

సాయంత్రం డ్యూటీ బస్సు ఎక్కబోతుంటే మళ్ళీ ఫోను వచ్చింది. పిల్లవాడు కొయ్యలా బిగుసుకుపోయాడని, నోట్లో నురగ వస్తోందని. జగిత్యాల తీసుకువెళ్ళారు, అక్కడి నుంచి కరీంనగర్ పంపారు. మెదడువాపు జ్వరం అన్నారు. మధ్యాహ్నం నుంచి ఫిట్స్ వచ్చి పోతూ ఉన్నాయి, ఆ రెప్పలు కొట్టుకోవడం ఫిట్సే అన్నారు. పిల్లవాడు పదిహేడు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. బతికాడు. కానీ ఆ తర్వాత మనిషిని గుర్తుపట్టలేదు, పిలిస్తే పలకలేదు, తల నిలపలేదు.

ఆ ఆసుపత్రిలో డాక్టరు ఆమెను ఒక ప్రశ్న అడిగాడట. "కండ్లు కొట్టుకునేటప్పుడు పేరు పెట్టి పిలిచినవా అమ్మా? పలికిండా?" ఆటలో ఉన్న పిల్లవాడు పిలిస్తే ఆగి పలుకుతాడట. ఫిట్స్ అయితే పలకడట. ఆమె చెప్పిన జవాబు మణి బాపు నాకు బస్సులో చెప్పాడు. కిటికీ వైపు చూస్తూ చెప్పాడు.

"ఎవ్వలం పిలువలే సారూ, అన్నదటన్నా. ఎవ్వలం పిలువలే. ఆడు నా మొఖం దిక్కు గూడ సూడలే. ఫోన్ అంచు దిక్కు సూస్తుండె. నేను నెట్ ఆగుతుందనుకున్న. ఒక్కసారి మణీ అంటే తెల్సిపోతుండె."

అతని వేళ్ళు ముందు సీటు కవరు అంచును మెలితిప్పుతున్నాయి. నేను ఏదైనా అనాల్సింది. కాగితం రాసింది నేను, అతికించింది నేను, మెచ్చుకున్నది కూడా నేనే. ముందే తీసుకొస్తే బాగయ్యేవాడా అంటే ఆ డాక్టరు అవుననలేదు, కాదనలేదట. ఆ మాటను పట్టుకుని నేను నా మనసుకు సర్దిచెప్పుకున్నాను. సర్దిచెప్పుకోవడంలో నన్ను మించినవాడు లేడు.

లీవు అడగడానికి అతని వెంట నేనూ క్యాంప్ బాస్ దగ్గరికి పోయాను. ఆయన ముందు ఆసుపత్రి కాగితం ఫోనులో చూపించాము. ఆయన కంప్యూటరు నుంచి తల ఎత్తలేదు. "బచ్చా జిందా హై నా?" అన్నాడు. పిల్లవాడు బతికే ఉన్నాడు కదా అని. బతికే ఉన్నాడన్నాం. చావుకైతే లీవు ఉంది, దీనికి లేదు, పని అప్పజెప్పేదాకా అందరి లీవులూ ఆపేశారు అన్నాడు. బయటికి వచ్చాక మణి బాపు అక్కడే మెట్ల మీద కూర్చున్నాడు. ఆ క్షణంలో అతని మనసులో ఏ ఆలోచన వచ్చిందో నాకు తెలుసు, ఎందుకంటే నాకూ వచ్చింది. ఇద్దరం దాన్ని పైకి అనలేదు. ఏ తండ్రికీ రాకూడని ఆలోచన అది.

గదికి వచ్చి నేను ఆ కాగితం పీకేశాను. టేపు గట్టిది, తలుపు రంగు కూడా లేచి వచ్చింది. ఆ తెల్ల మచ్చ మేం గది ఖాళీ చేసేదాకా అలాగే ఉంది.

పిల్లవాణ్ణి ఇంటికి తెచ్చిన మర్నాటి నుంచి అతను పిలవడం మొదలుపెట్టాడు. సరిగ్గా పన్నెండింటికి లేస్తాడు. సీసా మూతలో కళ్ళు కడుక్కుంటాడు. ఆమె అక్కడ ఫోను వాడి చెవి దగ్గర పెడుతుంది. "మణీ. ఓ మణీ. మణీ, బాపునురా. మణీ." గొంతు దాచుకోకుండా, పొలం అవతలి గట్టున ఉన్నవాణ్ణి కేకేసినట్టు పిలిచేవాడు. పావుగంట పిలిచేవాడు. మేం ఏడుగురం గోడల వైపు తిరిగి కళ్ళు మూసుకుని పడుకునేవాళ్ళం. ఎవరూ నిద్రపోయేవాళ్ళు కాదు. ఒకరోజు ఎందుకో గొంతు కాస్త తగ్గించాడు. పక్క మంచం మీది నేపాలీ లేచి కూర్చుని, "జోర్ సే బులావ్ భాయ్, జోర్ సే" అన్నాడు, గట్టిగా పిలవమని. వాడికి రాని తెలుగులో అర్థమయిన ఒకే ఒక్క మాట మణి.

మా రాత్రి డ్యూటీ మారలేదు, ఏడాది పైన పిలిచాడు అలా. శుక్రవారం సెలవు రోజున రెండుసార్లు.

క్యాంపు జనం కొన్నాళ్ళు మా గది వైపు రాలేదు. తర్వాత ఒక్కొక్కరే మళ్ళీ ఫోన్లు పట్టుకుని రావడం మొదలుపెట్టారు. ఎందుకు వచ్చేవారో నాకు మొదట అర్థం కాలేదు. తన పిల్లవాణ్ణి కాపాడుకోలేనివాడు ఊరి పిల్లలకేం చెబుతాడని నేనే ఒకసారి అనుకున్నాను. నాది పాడు నోరు, మనసు అంతకంటే పాడు. కానీ అతను మారాడు. ఆ పాత గోలి ఇక ఎవరికీ ఇవ్వలేదు. ఎంత బతిమాలినా "ఏం గాదు" అనేవాడు కాదు. మొదటి మాట, "పేరు పెట్టి పిలువు. గట్టిగ పిలువు. పలికిందా?" తర్వాత, "నీళ్ళు తాగుతుందా? కక్కుతుందా? గదుమ ఎదకు ఆనిచ్చుమను, మెడ ఒంగుతుందా?" ఒక్కదానికి తేడా జవాబు వచ్చినా, "ఫోన్ పెట్టు, ఆటో పిలిపియ్యి, పెద్ద దవాఖానకు పొమ్మను" అనేవాడు. అవతలివాడు ఇంకా ఏదో అడుగుతుంటే చేతిలోంచి ఫోను లాక్కుని తనే కట్ చేసేవాడు.

కళ్ళు ఆర్పే పిల్లలే ఎంతమంది ఉంటారో అప్పుడు తెలిసింది నాకు. నిర్మల్ వైపు నుంచి వచ్చిన ఒకతని కూతురు రోజంతా సెల్లు చూస్తోంది. "సెల్లు గుంజుకో. ఏడుస్తది, ఏడ్వనియ్యి. ఏడుస్తే కండ్లు తడి అయితయి" అన్నాడు. ఇంకొకడి కొడుక్కి పత్తి ఏరే రోజుల్లోనే వస్తుంది, దుమ్ము పడదు. మరొకడి కొడుకు చూపు ఆనక కళ్ళు చికిలిస్తున్నాడని తేలి అద్దాలు వచ్చాయి. ఒక పిల్లకు అసలేమీ లేదు, తమ్ముడు పుట్టాక పట్టుకున్న అలవాటు. "దాన్ని తిట్టకుండ్రి, సూసి సూడనట్టు ఉండుండ్రి, అదే పోతది" అన్నాడు. ఇవన్నీ ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, మణిని చూసే డాక్టరును ప్రతి నెలా ఫోనులో అడిగి తెలుసుకుంటానన్నాడు. ఆయన విసుక్కోడా అన్నాను. "ఇసుక్కుంటడు. అయినా అడుగుత" అన్నాడు.

ఆటలకు మూడు నెలలుందనగా నా వంతు వచ్చింది. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు పుట్టిన పిల్ల మాది. అప్పుడు దానికి మూడేళ్ళు నిండలేదు. మధ్యాహ్నం మా ఆవిడ ఫోను చేసింది. పొద్దుటి నుంచి జ్వరం, కళ్ళు ఒకటే ఆర్పుతోంది అంది. పై మంచం మీద నుంచి దిగడం చేతకాలేదు. కింద మణి బాపు అప్పుడే కొడుకును పిలవడం ముగించి ఫోను పెట్టాడు. అంతా విన్నాడు. లేచి నిలబడితే అతని తల నా మంచం ఎత్తుకు వచ్చింది.

"పిలువు అన్నా."

ఫోనులో పిల్ల మొఖం కనిపిస్తోంది. రెప్పలు కొట్టుకుంటున్నాయి. నేను "చిన్నీ" అన్నాను. గొంతులోంచి గాలి తప్ప మాట రాలేదు. రెండేళ్ళుగా ఆ గదిలో గుసగుసగానే బతికినవాణ్ణి, నాకు గట్టిగా పిలవడం రాలేదు.

"గట్టిగ పిలువు! పేరు పెట్టి! నీ పిల్లనే గదా!" అని నా భుజం పట్టి కుదిపాడు.

"చిన్నీ!" అని అరిచాను. గదిలో అందరూ లేచి కూర్చున్నారు.

రెప్పలు ఆగాయి. అది తల తిప్పి నా వైపు చూసింది. "బాపూ, కండ్లు మండుతున్నయే" అని ఏడుపు లంకించుకుంది.

నేనూ ఏడ్చాను. అతను ఫోను తీసుకుని, పిల్ల చేత నీళ్ళు తాగించి చూశాడు, గదుమ ఆనించి చూశాడు, అయినా సరే సాయంత్రంలోపు డాక్టరుకు చూపించమని మా ఆవిడతో మూడుసార్లు చెప్పాడు. కండ్లకలక, దాంతోపాటు వచ్చిన జ్వరం. నాలుగు రోజుల్లో తగ్గింది. ఆ రోజు ఫోను నా చేతికి తిరిగి ఇస్తూ, "పలికింది అన్నా. నీ పిల్ల పలికింది" అన్నాడు. తర్వాత తన మంచం మీద కూర్చుని దుప్పటి లాగేసుకున్నాడు. కాగితం సంగతి ఇప్పుడైనా ఎత్తుదామని దుప్పటి మీద చెయ్యి వేశాను. వేసి, తీసేశాను.

ఏడాదిగా ఒక్క రోజు లీవు ఇవ్వనివాళ్ళు, ఆటలు దగ్గరపడగానే పని అయిపోయింది, అందరూ పొండి అన్నారు. వారంలో క్యాంపు సగం ఖాళీ అయింది. అతను నాకంటే ముందు పోయాడు. సంచి సర్దుకుంటూ సీసా మూత కూడా జేబులో వేసుకున్నాడు. సైటు గేటు బోర్డు మీద అంకె ఇంకా ముప్పై దగ్గర ఉంది. పోయేముందు నా చేతులు పట్టుకుని, "ఇంటికి పోయినంక దగ్గరగ కూసోని పిలుస్త అన్నా. ఫోన్ల అయితే ఆనికి ఇనవడుతుందో లేదో" అన్నాడు. ఆ తర్వాత నేను అతన్ని చూడలేదు. ఊళ్ళోనే రాడ్ల పని చేసుకుంటున్నాడని విన్నాను, తర్వాత కిడ్నీలు పోయాయని విన్నాను, ఈ ఎండాకాలం మిగతాది విన్నాను. రెండుసార్లు ఫోను చేశాడు. పనిలో ఉన్నానని తొందరగా పెట్టేశాను.

కళ్ళ డాక్టరు మా పిల్లకు అద్దాలు రాసింది. వెచ్చదనం ఉత్త జలుబుదే అంది. తిరిగి వచ్చేటప్పుడు వాళ్ళ ఊరి మలుపు దగ్గర బస్సు దిగేశాను. మా ఆవిడ పిల్లను పట్టుకుని నా వెనకే దిగింది.

అతని భార్యను నేను ఫోనులో తప్ప చూడలేదు. ఆమె నన్ను గొంతు బట్టి గుర్తుపట్టింది. "పై మంచం అన్నవా?" అంది. ముందరి రేకుల కింద, గోడకు ఆనించిన కుర్చీలో మణి ఉన్నాడు. జారిపోకుండా నడుముకు తువాల చుట్టి కుర్చీకి కట్టారు. ఎనిమిదేళ్ళవాడు, అయిదేళ్ళవాడిలా ఉన్నాడు. అన్నీ బాపు పోలికలే. కుర్చీ చేతికి ఒక ఇనుప వైరు ముక్క చుట్టి ఉంది, ఆరేడు మెలికలు తిప్పి.

నీళ్ళిచ్చింది. తాగలేదు. గ్లాసు కింద పెట్టి చెప్పేశాను. ఆ కాగితం రాసింది నేనేనని, నేను రాయకపోతే అతను మామూలుగా నోటితోనే పిలిచేవాడని, ఆ ఆటే ఉండేది కాదని చెప్పాను. మా ఆవిడకు కూడా ఆ సంగతి అప్పుడే తెలిసింది.

"తెలుసన్నా" అంది ఆమె. "అప్పుడే చెప్పిండు. జరం రాకముందే. మా అన్న తలుపుకు కాయిదం పెట్టిండు, అందుకే మణిగాడు కండ్లతోని మాట్లాడ నేర్చిండు అని ఎంత సంబురంగ చెప్పిండో. తర్వాత ఆ కాయిదం మాట మళ్ళ ఎత్తలే. నేను ఎత్తినా వద్దనెటోడు."

ఆమె కొంగుతో కొడుకు గదుమ తుడిచింది.

"రోజు పగటీలి పిలుస్తుండె. సచ్చిపోయే నాలుగు రోజుల ముందు గూడ మంచంలకెళ్ళి పిలిచిండు. నేను పిలుస్తున్న గని నాది ఆడ గొంతాయె. ఆయన పోయినంక మగ గొంతు ఇనలే వీడు." నా వైపు చూసింది. "నువ్వు ఒకపారి పిలువరాదే అన్నా."

నేను లేచి వాడి ముందు కూర్చున్నాను. వాడి రెప్పలు ఆర్పుకుంటున్నాయి, మామూలుగా, అందరూ ఆర్పినట్టే. చూపు నా చెవి పక్కగా ఎక్కడో ఉంది. మా అమ్మాయి వచ్చి నా భుజం పట్టుకుంది.

"మణీ" అన్నాను.

"గట్టిగ, అన్నా."

"మణీ! ఓ మణీ!"

పలకలేదు. అవతలి ఇంట్లోంచి ఎవరో తొంగి చూసి లోపలికి పోయారు. నేను లేవబోయాను. ఆమె నా భుజం మీద చెయ్యి వేసి, మళ్ళీ కూర్చోబెట్టింది.

"ఆయన పావుగంట పిలిచెటోడన్నా" అంది.